పేరు పోయాక మిగిలిన విలువ: 1909 నాటి ఒక ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ ఇంటి కేస్ స్టడీ

నేపథ్యం

దక్షిణ ఇంగ్లండ్‌లో, లండన్‌కు రైలులో గంటలోపు దూరంలో ఉన్న పాత శివారు. అక్కడ 1909లో కట్టిన రెండంతస్తుల కుటుంబ గృహం ఇది. ఇల్లు ఎక్కడిదో, ఎవరిదో తెలిసే వివరాలన్నీ వదిలేశాం.

బయట నుంచి చూస్తే ఏటవాలు పెంకుల కప్పు కింది కిటికీల దాకా దిగి, చూరు దగ్గర మెల్లగా బయటికి వంగుతుంది. గోడలు 9 అంగుళాల ఇటుక. వాటి మీద గులకరాళ్ళు కలిపి విసిరిన గరుకు పూత, అంటే రఫ్‌కాస్ట్. కిటికీలకు ఓక్ చట్రాలు, ఇనుప రెక్కలు. రెక్కల్లో సీసపు పట్టీలతో కూర్చిన చిన్న చిన్న గాజు పలకలు. లోపల అడుగుపెట్టగానే పెద్ద హాలు, అందులోనే నిప్పుగూడు. దానికి రెండు వైపులా చెక్క అరుగులు వేసి, కప్పు కాస్త దించి కట్టిన కూర్చునే మూల ఉంది. ఇంగ్లీషువాళ్ళు దీన్ని ఇంగిల్‌నుక్ అంటారు. హాల్లోంచే ఓక్ మెట్లు పైకి పోతాయి. ఇంటి వెనక కొసన వంటిల్లు, గిన్నెలు తోమే స్కల్లరీ, బొగ్గు గది, సరుకులు చల్లగా ఉంచే లార్డర్.

ఈ శైలి మూలం గురించి రెండు మాటలు. యంత్రాలు పోతపోసిన నాసి అలంకారాల మీద విసుగెత్తి, పనివాడి చేతినీ సరుకు నైజాన్నీ మళ్ళీ ముందుకు తెచ్చిన ఉద్యమం ఇది. విలియం మోరిస్ కోసం ఫిలిప్ వెబ్ 1859లో గీసిన రెడ్ హౌస్‌ను దీని తొలి ఇల్లుగా చెప్పుకుంటారు. పేరు మాత్రం 1887లో ఏర్పడిన ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ ఎగ్జిబిషన్ సొసైటీతో స్థిరపడింది. 1900 దాటాక ఇది ధనవంతుల పల్లె భవనాల నుంచి మధ్యతరగతి ఇళ్ళలోకి దిగింది. 1903లో మొదలైన లెచ్‌వర్త్, 1907లో మొదలైన హాంప్‌స్టెడ్ గార్డెన్ సబర్బ్ అందుకు పెద్ద ఉదాహరణలు. వాటిని చూసి ఊరూరా బిల్డర్లు అదే తీరున కట్టారు. మన ఇల్లు ఆ కోవలోది.

ఇల్లు లిస్టెడ్ కాదు, అంటే చట్టం కాపాడే చారిత్రక కట్టడాల జాబితాలో లేదు. కానీ ఉన్నది కన్జర్వేషన్ ఏరియాలో, అంటే స్వభావం, రూపం కాపాడాలని గుర్తించిన ప్రాంతంలో. పైగా మామూలుగా అనుమతి అక్కర్లేని మార్పులకూ అనుమతి తప్పనిసరి చేసే ఆర్టికల్ 4 ఆదేశం ఆ వీధులకు ఉంది కాబట్టి, వీధివైపు కిటికీలు మార్చాలన్నా కౌన్సిల్ అనుమతి కావాలి. ఇంటివారు తెలుగువాళ్ళు: దంపతులు, ఇద్దరు పిల్లలు, భర్త తల్లి.

వచ్చిన సమస్య

పడమటి గోడ కింది గదిలోనూ పై గదిలోనూ చెమ్మ. ప్లాస్టర్ పెచ్చులూడుతోంది, వాల్‌పేపర్ అంచులు లేస్తున్నాయి. శీతాకాలం వచ్చిందంటే హాల్లో కూర్చోలేరు. వంటిల్లు ఇద్దరు నిలబడితే నిండిపోతుంది. ముందే పిలిపించిన బిల్డర్ మూడు మందులు చెప్పాడు: గోడ అడుగున చెమ్మ ఎక్కకుండా రసాయనం ఎక్కించడం, కిటికీలన్నీ తీసేసి ప్లాస్టిక్ డబుల్ గ్లేజింగ్ పెట్టడం, వెనక గోడ మొత్తం పడగొట్టి ఇంటి వెడల్పునా 5 మీటర్లు పెంచి హాలుతో కలిపేయడం. ఆ ప్లాన్‌తో కౌన్సిల్ ముందస్తు సలహాకు వెళితే అధికారులు కాదన్నారు.

కేసు మా దగ్గరికి వచ్చేసరికి ఇంటివారి ప్రశ్న సూటిగా ఉంది. "అసలు ఈ ఇంటికి వారసత్వ విలువ ఉందా అండీ? ఉంటే ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి. లేదంటే మమ్మల్ని మా ఇల్లు బాగుచేసుకోనివ్వండి." ఇది న్యాయమైన ప్రశ్న. ఇంటి వారసత్వ విలువ ఏమిటో, ఎక్కడుందో చెప్పే పత్రాన్ని హెరిటేజ్ స్టేట్‌మెంట్ అంటారు. దాన్ని చదివి ఒక వడ్రంగి ఏ పలక విప్పాలో, ఏది ముట్టుకోకూడదో చెప్పలేకపోతే ఆ స్టేట్‌మెంట్ ఇంటికి పనికిరాదు.

ముందు నమ్మినది: పెద్ద పేరు

అప్పటికే ఒక స్టేట్‌మెంట్ ఉంది. అది మొత్తం ఒకే వాక్యం మీద నిలబడింది: ఈ ఇల్లు ఫలానా ప్రసిద్ధ ఆర్కిటెక్ట్ గీసినది. ఆ మాటకు ఆధారం పాత అమ్మకపు కరపత్రం, ఇరుగుపొరుగు చెప్పుకునే మాట. తెల్లని గరుకు గోడ, మూలన వాలుగా నిలబెట్టిన ఆనుడు గోడ, తలుపు మీద హృదయం ఆకారంలో కోసిన రంధ్రం కనిపిస్తే చాలు, ఇంగ్లండ్‌లో ఏ ఇంటికైనా ఈ శైలిలో పేరుపొందిన ఆర్కిటెక్ట్ వాయ్సీ పేరో, ఆయన తోటివాళ్ళ పేరో తగిలిస్తారు. కానీ ఆ గుర్తులను అప్పటి బిల్డర్లు కూడా విరివిగా వాడుకున్నారు. శైలిని బట్టి కాలం చెప్పవచ్చు, కర్తను చెప్పలేం.

కౌన్సిల్ తరఫున పాత కట్టడాలు చూసే కన్జర్వేషన్ ఆఫీసర్ అడిగింది ఒక్కటే: కాగితం ఉందా? అందుకే పాత స్టేట్‌మెంట్‌ను సరిదిద్దే ప్రయత్నం మాని రికార్డుల దగ్గర మొదలుపెట్టాం. ఇంగ్లండ్‌లో ఈ వయసు ఇళ్ళకు మూడు చోట్ల వెతకాలి. ఒకటి, 1875 పబ్లిక్ హెల్త్ చట్టం కింద స్థానిక సంస్థలు పెట్టిన నిబంధనల ప్రకారం కట్టేముందు దాఖలు చేసిన ప్లాన్లు. ఇవి చాలావరకు కౌంటీ రికార్డ్ ఆఫీసుల్లో ఉంటాయి. రెండు, 1909–10 ఫైనాన్స్ చట్టం కింద దేశమంతటా జరిగిన భూమి మదింపు తాలూకు ఫీల్డ్ బుక్కులు. లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఐఆర్ 58 వరుసలో ఉంటాయి. గదుల సంఖ్య, గోడల సరుకు, అప్పటి స్థితి రాసి ఉంటుంది. మూడు, మైలుకు 25 అంగుళాల స్కేలులో వేసిన ఆర్డినెన్స్ సర్వే మ్యాపులు.

దాఖలు చేసిన ప్లాన్ దొరికింది. సంతకం స్థానిక సర్వేయర్‌ది. దరఖాస్తుదారు ఆ వీధిలోనే మరికొన్ని ఇళ్ళు కట్టిన బిల్డర్. పెద్ద పేరు అక్కడితో పోయింది.

ఇంటివారు డీలాపడ్డారు. కానీ పోయినది చిన్నది, వచ్చినది పెద్దది. లినెన్ గుడ్డ మీద గీసిన ఆ ప్లాన్‌లో ప్రతి గది పేరు, కప్పు ఎత్తులు, "గోడలు 9 అంగుళాల ఇటుక, రఫ్‌కాస్ట్" అన్న గమనిక ఉన్నాయి. దాన్ని నేటి ఇంటి మీద పరిచి చూస్తే ముందు భాగంలో ఒక్క గోడ కూడా కదలలేదు. స్కల్లరీ వెనక రేకుల వసారా ఒక్కటే తరవాత వచ్చింది. వంద ఏళ్ళు దాటిన కుటుంబ గృహంలో గదుల అమరిక ఇంత చెక్కుచెదరకుండా దొరకడం అరుదు. పేరు కోసం వెతకబోతే అసలు విలువ చేతికందింది.

చేత్తో చదివిన ఇల్లు

తరవాతి పని ఇంటినే సాక్షిగా ప్రశ్నించడం. 2008లో ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ ప్రచురించిన కన్జర్వేషన్ ప్రిన్సిపల్స్ అనే మార్గదర్శి చెప్పే నాలుగు విలువలు, అంటే ఆధార, చారిత్రక, సౌందర్య, సామాజిక విలువలు, ఆలోచనకు చట్రంగా బాగుంటాయి. కానీ ఒక్కోదానికి ఒక పేరా రాసి ఊరుకుంటే అందులో ఇల్లు కనిపించదు. అందుకని వస్తువు వస్తువునూ పట్టి చూశాం.

తలుపు గొళ్ళేలతో మొదలుపెడదాం. 17 లోపలి తలుపులకూ నల్లటి ఇనుప గొళ్ళేలు, అన్నిటి మీదా సుత్తి దెబ్బల గుర్తులు. చూడగానే అన్నీ కమ్మరి పనే అనిపిస్తాయి. మూడు విప్పి తెల్ల కాగితం మీద పక్కపక్కన పెట్టి, టార్చి వెలుగు పక్కనుంచి ఏటవాలుగా వేస్తే సంగతి బయటపడింది. ఒకదానికి తోక వంపు మిగతా వాటి కంటే 3 మి.మీ. పొడుగు, వెనక వైపు కూడా సుత్తి పలకలు, రివెట్ తల చుట్టూ ఆకురాయి గీతలు. మిగతా రెండింటి మీద ఒకే దెబ్బ ఒకే చోట, పిడి నుంచి సరిగ్గా అంతే దూరంలో. వెనక చదునుగా ఉండి ఇసుక అచ్చు గరుకు కనిపిస్తోంది. పోతపోసినవి. అన్నీ విప్పి చూస్తే 11 కొట్టినవి, 6 పోతవి. పోతవన్నీ 1980ల్లో కిటికీలు మార్చిన వెనక గదుల్లోనే ఉన్నాయి. దాంతో ఆ మార్పుల హద్దు ఎక్కడో కూడా తేలింది.

హాలు దూలాల విషయం ఇందుకు తిరగబడింది. 8 మి.మీ. రంధ్రం వేసి ఎండోస్కోపు పంపితే ఓక్ దూలం అనుకున్నది 22 మి.మీ. పలకల పెట్టె అని తేలింది. లోపల ఉక్కు దూలం, అంటే జాయిస్టు. "ఇన్నాళ్ళూ డొల్లనా మేం గొప్పగా చూపించుకుంది?" అన్నాడు ఇంటాయన. కట్టడం నిజాయితీగా కనబడాలని చెప్పిన ఉద్యమం పేరుతో ఒక బిల్డర్ ఉక్కును ఓక్ పలకల్లో దాచాడు. ఇది విలువను తగ్గిస్తుందా? మా అంచనాలో తగ్గించదు. ఆ ఆదర్శాలు శివారు వీధిలోకి ఎలా వచ్చాయో, ఎంత ఖర్చులో వచ్చాయో చెప్పే సాక్ష్యం అది. స్టేట్‌మెంట్‌లో ఉన్నది ఉన్నట్టు రాశాం. అలా రాయబట్టే, మెట్ల గురించి రాసింది ఆఫీసర్ సందేహించలేదు: అక్కడి చెక్క చీలలు నిజంగానే కీళ్ళను పట్టి ఉంచుతున్నాయి, ఒక్క మేకు లేదు. దూలం డొల్ల కావడం పనికీ కలిసొచ్చింది. కరెంటు తీగలు గోడ తవ్వకుండా ఆ పెట్టెల్లోంచి పోయాయి.

గోడ పూత గురించి మాట్లాడేది వాననీటి గొట్టం తలకాయ వెనక దొరికిన ముక్క. చూరు కింద, 1970ల్లో సిమెంట్ కొట్టినవాళ్ళ తాపీ చేరని చోట, 400 బై 300 మి.మీ. మేర అసలు రఫ్‌కాస్ట్ మిగిలింది. గులకరాళ్ళు బఠాణీ గింజంత. మీద ఏడు పొరల వెల్ల. అడుగు పొర తెలుపు కాదు, వెన్న రంగు. నేడు వీధంతా మెరిసే తెలుపు ఈ ఇంటి మొదటి రంగు కాదన్నమాట.

ఇక్కడొక హెచ్చరిక. 1900 తర్వాతి రఫ్‌కాస్ట్ అనగానే సున్నమే అనుకోకూడదు. చాలా ఇళ్ళలో మొదటి నుంచీ పోర్ట్‌లాండ్ సిమెంట్ కలిపినదే ఉంటుంది. అక్కడ దాన్ని "శుద్ధి" చేసి సున్నం వేయడమే చరిత్రకు తప్పు. అందుకే నమూనాను ఆమ్లంలో కరిగించి, మిగిలిన ఇసుకను జల్లెడ పట్టించాం. ఈ ఇంట్లో సున్నమే వచ్చింది. ఆ ఫలితం వచ్చాకే సిమెంట్ తీయాలన్న నిర్ణయం.

చట్టం ఒకవైపు, విలువ మరోవైపు

సర్వే ముగిశాక ఈ కేసు అసలు చిక్కు కనిపించింది. 1967 సివిక్ అమెనిటీస్ చట్టంతో వచ్చిన కన్జర్వేషన్ ఏరియా పద్ధతి గానీ, లిస్టెడ్ కట్టడాలు, కన్జర్వేషన్ ఏరియాల 1990 చట్టంలోని 72వ సెక్షన్ గానీ చూసేది ఆ ప్రాంతపు స్వభావం, రూపం. లిస్టెడ్ కాని ఇంటి లోపలి భాగం దాని అధీనంలో లేదు. ఈ ఇంట్లో వీధికి కనిపించే పూత సిమెంటుది. విలువైన హాలు, మెట్లు, గొళ్ళేలు, లార్డర్ అన్నీ లోపల ఉన్నాయి. ఇంటివారు రేపు హాలును పగలగొట్టినా అడ్డుకునే చట్టం లేదు.

లిస్టింగ్‌కు దరఖాస్తు పెడితే? ఆలోచించాం. 1850 తర్వాతి కట్టడాలు లెక్కకు మించి మిగిలాయి కాబట్టి ఎంపిక గట్టిగా ఉంటుంది. ఇదే శైలిలో చాలా మెరుగైన ఇళ్ళు ఉన్నాయి. వెనక వైపు 8 కిటికీలు, మొత్తం పూత పోయిన బిల్డర్ ఇల్లు నిలబడే అవకాశం తక్కువ. పైగా తిరస్కారం కాగితం ఒకటి ఫైల్లో చేరితే తరవాతి యజమాని దాన్ని "విలువ లేదని తేల్చారు" అని చదువుకుంటాడు. అందుకే వద్దనుకున్నాం.

కాబట్టి పత్రాన్ని ముందు ఇంటివారి కోసం, మేస్త్రుల కోసం రాశాం, ఆ తరవాతే కౌన్సిల్ కోసం. ఒక్కో అంతస్తుకు ఒక ఏ3 కాగితం, నాలుగు రంగులు. ఎరుపు: కదపకూడదు. నారింజ: మరమ్మతు చేయవచ్చు, మార్చకూడదు. ఆకుపచ్చ: మార్చుకోవచ్చు. బూడిద: ఇంటి విలువను తగ్గిస్తోంది, తీసేస్తే మేలు. ప్రతి రంగు పక్కనా ఎందుకో ఒక్క వాక్యం. హాలు, మెట్లు, ఇంగిల్‌నుక్, ముందు కిటికీలు ఎరుపు. సిమెంట్ పూత, రేకుల వసారా, ప్లాస్టిక్ కిటికీలు బూడిద. వంటిల్లు, స్కల్లరీ మధ్య గోడ ఆకుపచ్చ. ఆకుపచ్చ, బూడిద రంగులు ధైర్యంగా వేయడమే ఇందులో కష్టం. అంతా విలువైనదే అని రాస్తే ఇంటివారు ఏదీ నమ్మరు.

చెమ్మ: ఏం కాదో ముందు తేల్చడం

రసాయనం అప్పటికే రెండుసార్లు ఎక్కించారు, రెండుసార్లూ ఫలించలేదు. మూడోసారి ఎందుకు ఫలించదో అంకెలతో చూపాలి. ప్లాస్టర్‌కు సూదులు గుచ్చి చూసే మీటర్ ఉప్పుకూ చెమ్మకూ తేడా చెప్పదు. అందుకని పడమటి గోడలో ఇటుక పొడి డ్రిల్ చేసి తీసి, తూచి, ఓవెన్‌లో ఆరబెట్టి మళ్ళీ తూచాం. నేల నుంచి 300 మి.మీ. ఎత్తులో 11 శాతం, 1200 దగ్గర 9, పై అంతస్తులో 10. నేలలోంచి ఎక్కే చెమ్మ అయితే పైకి పోయేకొద్దీ తగ్గిపోవాలి. ఇక్కడ తగ్గలేదు. మట్టిలోంచి వచ్చే నైట్రేట్లు కూడా నమూనాల్లో లేవు.

అంటే నీళ్ళు వచ్చేది వానలోంచి. సిమెంట్ పూత గట్టిది, ఇటుక మెత్తనిది. ఎండకూ చలికీ రెండూ వేరు వేరుగా కదిలితే పూత సన్నగా బీటలు వారుతుంది. బీటలోంచి ఇటుక నీటిని లోపలికి పీలుస్తుంది, బయటికి ఆరే దారి లేదు. మన ఊళ్ళలో గానుగ సున్నంతో కట్టిన పాత పెంకుటిళ్ళకు సిమెంట్ ప్లాస్టర్ చేయించాక గోడలు ఉప్పు తేలి రాలిపోవడం చూసినవాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. దీనికి తోడు, వెనక పరిచిన రాతి బండలు నేలను 180 మి.మీ. లేపి, గోడలోని పలకరాతి చెమ్మ అడ్డును దాటేశాయి. కింది గాలి రంధ్రాలూ మూసుకుపోయి, చెక్క నేల కింద ఏడు దంతెల కొసలు కుళ్ళాయి.

చికిత్స వరుస ముఖ్యం. ముందు బండలు తీసి నేలను అడ్డు కంటే 150 మి.మీ. కిందికి దించాం. గాలి రంధ్రాలు తెరిచాం. గొట్టాలు సరిచేశాం. ఆ తరవాతే సిమెంట్ మీద చెయ్యి.

మొదటి రోజు పనివాళ్ళు కరెంటు బ్రేకర్ పెట్టారు. సిమెంట్‌తో పాటు ఇటుక ముఖాలు ఊడొచ్చాయి. రెండు చదరపు మీటర్ల దగ్గర ఆపించాం. తరవాత పద్ధతి మార్చాం: పూత మందం 20 నుంచి 22 మి.మీ. కాబట్టి, కట్టర్‌ను 15 మి.మీ. లోతుకు బిగించి 300 మి.మీ. గళ్ళుగా కోసి, వెడల్పు ఉలితో గడి తరవాత గడి లేపడం. నెమ్మదే, కానీ ఇటుక బతికింది. ఊడిన ముఖాలను 10 మి.మీ. మించని పొరలుగా సున్నం గారతో నింపాం. మీద పూత వస్తుంది కాబట్టి ఇటుకలు మార్చాల్సిన పని లేదు.

రెండో పొరపాటు కాలం విషయంలో. అక్టోబర్ చివర ఒక చదరపు మీటరు నమూనా పూత వేయించాం, కౌన్సిల్‌కు చూపించడానికి. ఎన్‌హెచ్ఎల్ 3.5 (నీటితో గట్టిపడే సహజ సున్నం రకం) గట్టిపడటానికి వారాలు కావాలి, 5 డిగ్రీల కిందికి పోకూడదు. వారం తిరగకుండా మంచు పడింది. పైపొర గోటితో గీస్తే పిండిలా రాలింది. వసంతం దాకా ఆగడమే దారి. ఆ శీతాకాలమంతా పడమటి గోడను పరంజా మీద పట్టా కప్పి, గాలి ఆడేలా వదిలేశాం. తడిసిన గోడ నెలకు సుమారు అంగుళం లోతు ఆరుతుందని పనిలో ఒక లెక్క. ఆగడం నష్టమనిపించింది గానీ, గోడకు కావలసింది అదే.

ఏప్రిల్ చివర అసలు పూత. అడుగు పొర 1 పాలు సున్నం, 2.5 పాళ్ళు పదునైన ఇసుక, 10 మి.మీ. మందం. అది పట్టుకున్నాక, 1 పాలు సున్నం, ఒకటిన్నర ఇసుక, 1 పాలు గులకరాళ్ళు కలిపి జారుగా చేసి తాపీతో విసరడం. రాళ్ళు పాత ముక్కకు సరిపోయేలా 10 మి.మీ. జల్లెడ దిగి 5 మీద ఆగినవి. రాళ్ళను ముందే గారలో కలిపి విసిరితేనే రఫ్‌కాస్ట్. తడి గార మీద పొడి రాళ్ళు చల్లితే అది పెబుల్‌డాష్, వేరే పని. మూల నుంచి మూల దాకా ఒకే రోజు పూర్తి కావాలి, లేకపోతే అతుకు జీవితాంతం కనిపిస్తుంది. ఇద్దరు విసిరేవాళ్ళు, ఒకరు కలిపేవాళ్ళు. ఎండ తగలకుండా తడి గోనెలు కట్టాం. ఆఖరున వెన్న రంగు వెల్ల ఐదు పూతలు.

కిటికీలు

ఇంటివారికి చలి నిజమైన బాధ. దాన్ని చిన్నచూపు చూసే హక్కు ఎవరికీ లేదు. అందుకని డబుల్ గ్లేజింగ్‌ను మాటతో కొట్టేయకుండా ఒక వంటింటి రెక్కలో 11 మి.మీ. సన్నపు యూనిట్ పెట్టి చూశాం. మూడు లోపాలు తేలాయి. గాజు బరువు చదరపు మీటరుకు 20 కిలోలు. వారాల్లోనే ఇనుప రెక్క కుంగి కింది మూల చట్రానికి రాసుకుంది. అసలు గాజుగాడి లోతు 12 మి.మీ. మాత్రమే, పుట్టీకి చోటు లేదు. మూడోది కంటికి తెలిసేది: ఒకే గాజు మీద అంటించిన సీసపు పట్టీలు. పాత కిటికీలో ప్రతి పలకా ఒక్కో కోణంలో వంగి, ఆకాశాన్ని ముక్కలు ముక్కలుగా చూపిస్తుంది. కొత్తది అద్దంలా ఒక్కటే ప్రతిబింబం ఇచ్చింది.

పనిచేసింది సెకండరీ గ్లేజింగ్. పాత కిటికీ లోపలి వైపు, 80 మి.మీ. ఎడంగా, సన్నపు చట్రంలో రెండో గాజు. కిటికీ గుండా పోయే వేడి సగానికి పైగా తగ్గుతుంది. ఇక్కడ తప్పు ఎక్కువగా జరిగేది సీలు విషయంలో: లోపలి గాజు గాలి చొరబడకుండా బిగించాలి, బయటి పాత రెక్కను కాస్త వదులుగానే ఉంచాలి. రెండూ బిగిస్తే మధ్యలో చెమ్మ చేరి ఓక్ నల్లబడుతుంది. ముందు వైపు 14 కిటికీల్లో సీసపు పట్టీలతో కూర్చిన గాజు ప్యానెళ్ళు 38. వంగినవన్నీ విప్పలేదు. అతుకులు తెగిన 4 మాత్రమే కొత్త సీసంతో కూర్చాం, మిగతావి రాగి తీగలతో ఇనుప కమ్మీలకు మళ్ళీ కట్టాం.

కప్పు గురించి చెప్పుకోవాల్సింది తక్కువ: అటక నేల మీద 270 మి.మీ. గొర్రె ఉన్ని, చూరు దగ్గర 50 మి.మీ. గాలి సందు. పగిలిన పెంకుల బదులు వెనక వాలులోని పాతవి తీసి ముందు వేశాం, చేత్తో చేసిన కొత్తవి వెనక్కి పోయాయి.

వంటిల్లు, పూజ

5 మీటర్ల విస్తరణ బదులు ఏం చేయాలో ఇంటి అమరికే చెప్పింది. ఈ ఇళ్ళలో పని గదుల కొస ఎప్పుడూ ప్రధాన కట్టడం కంటే ఎత్తు తక్కువగా, సాదాగా ఉంటుంది. పెంచితే అక్కడ పెంచాలి. రేకుల వసారా, బొగ్గు గది పోయి, స్కల్లరీ గోడ తెరుచుకుని, 3.2 మీటర్లు బయటికి వచ్చింది. కప్పు గట్టు ప్రధాన కప్పు కంటే బాగా కింద. అందరూ కలిసి కూర్చోగల వంటిల్లు వచ్చింది, హాలు గోడ నిలిచింది. అన్నం వార్పు, పోపు, పులుసుల ఆవిరి రోజంతా ఉండే వంట కాబట్టి, పొయ్యి మీది హుడ్ నియమం అడిగే సెకనుకు 30 లీటర్లతో సరిపెట్టకుండా రెట్టింపు పెట్టించి, గొట్టం నేరుగా బయటికి తీయించాం. సున్నం గోడ ఆవిరిని కొంత పీల్చుకుంటుంది గానీ, రోజూ పోసే ఆవిరికి అదొక్కటే మందు కాదు.

పూజకు ఇంటాయన ఇంగిల్‌నుక్ అనుకున్నాడు. చూడ్డానికి గూడులా ఉంటుంది, అరుగులున్నాయి. కానీ దేవుడి మందసం బిగించాలంటే నిప్పుగూడు పలకలకు రంధ్రాలు వేయాలి, కూర్చునే మూల మూతపడుతుంది. ఏ3 కాగితం మీద దిక్కులు చూస్తున్న పెద్దావిడ కొడుకుతో అన్న మాటతో అది తేలిపోయింది: "ఈశాన్యం గది ఇంట్లోనే ఉంటే హాల్లో ఎందుకురా?" ఆ గది లార్డర్. ఫ్రిజ్‌లు లేని రోజుల్లో సరుకు చల్లగా ఉండాలని ఇంగ్లండ్‌లో లార్డర్‌ను ఉత్తరానికో ఈశాన్యానికో పెట్టేవారు. ఎండ అంతగా పడదు, కిటికీకి గాజు బదులు జాలీ, లోపల గోడ పొడవునా 40 మి.మీ. మందం పలకరాతి బల్ల. ఆ బల్లే పీఠం అయింది. జాలీలోంచి ధూపం పోతుంది. ఒక్క మేకు కొట్టలేదు. దీపం వెనక గోడకు మసి పట్టకుండా విడిగా నిలబెట్టిన రాగి రేకు, అంతే. నారింజ రంగు వేసిన గది, ఆ రంగు నిలుపుకుంటూనే రోజూ వాడే గది అయింది.

ఇదే పని మళ్ళీ చేస్తే

రికార్డుల వెతుకులాట మొదటి వారంలోనే జరగాలి. అది ఆలస్యమై, ముందస్తు సలహాకు చెల్లించిన రుసుము వృథా అయింది. పూత నమూనా మే, సెప్టెంబర్‌ల మధ్యే వేయాలి. పనివాళ్ళకు మొదటి రోజే బ్రేకర్ ఇవ్వకూడదు. రంగుల కాగితాన్ని మాత్రం అలాగే చేస్తాం. ప్లంబర్ తనంతట తానే వచ్చి "ఇది ఎరుపులో ఉంది, పైపు ఎటు తిప్పమంటారు?" అని అడిగాడు. ఆ ప్రశ్న రాబట్టినందుకే దాన్ని వేయడం దండగ కాలేదు.

రెండు శీతాకాలాల తరవాత పడమటి గోడలో మళ్ళీ డ్రిల్ చేసి చూస్తే 300 మి.మీ. దగ్గర 4 శాతం, పై అంతస్తులో 3. వెల్ల నాలుగైదేళ్ళకోసారి మళ్ళీ వేయించాలి. మోతాదు, రంగు పొడి పేరు, రాళ్ళ జల్లెడ కొలత ఇంటి ఫైల్లో ఉన్నాయి. విప్పిన 6 పోత గొళ్ళేలు సంచీలో కట్టి, ఏ తలుపువో చీటీ రాసి అటక మీద పెట్టాం. వెనక వైపు 8 ప్లాస్టిక్ కిటికీలు ఇంకా అక్కడే ఉన్నాయి. అవి ఇంకా పనిచేస్తున్నాయి, ఈ విడత డబ్బు అయిపోయింది. కాగితం మీద వాటి రంగు బూడిద. చెడిపోయినప్పుడు వాటి చోట ఏం రావాలో పక్కనే 1909 ప్లాన్ కొలతలతో రాసి ఉంది.